గోకు గొంతు ఎవరిది? జపనీస్, ఇంగ్లీషు డబ్బింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గోకు హీరోగా వచ్చే జపాన్ అనిమే (యానిమేషన్ సీరియల్) డ్రాగన్ బాల్ మాట ఎక్కడ వచ్చినా చర్చ చివరికి గొంతు దగ్గరికే చేరుతుంది. "జపనీస్‌లో పెట్టాను, గోకు నోరు తెరవగానే ఆపేశాను" అనేవాళ్ళు ఒక జట్టు. "ఇంగ్లీషులో చూస్తే అసలు చూసినట్టే కాదు" అనేవాళ్ళు ఇంకో జట్టు. నేను మొదటి జట్టులో మొదలై రెండో జట్టులోకి దూకిన జంప్ జిలానీని. కాబట్టి తటస్థంగా ఉంటానని మాటివ్వలేను. పేర్లూ సంవత్సరాలూ మాత్రం సరిచూసుకుని రాశాను.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి. ఎవరు?

జపనీస్‌లో మసాకో నొజావా. 1986 ఫిబ్రవరి 26న ఫుజీ టీవీలో మొదటి ఎపిసోడ్ వచ్చిన రోజు నుంచి 2024 అక్టోబరులో మొదలైన దైమా దాకా గోకు ఆవిడే. మధ్యలో జెడ్, జీటీ, కాయ్, సూపర్ అనే తర్వాతి సిరీస్‌లు, సినిమాలు, వీడియో గేములు ఎన్ని వచ్చినా గొంతు మారలేదు.

ఇంగ్లీషులో ఒక్క పేరుతో తేలదు. ఎక్కువమంది చెవికి అలవాటైంది షాన్ షెమ్మెల్ గొంతు. 1999 నుంచి అమెరికా డబ్బింగ్‌లో పెద్ద గోకు ఆయనే. అంతకుముందు, ఆ పక్కన, చిన్న గోకుకి విడిగా, ఇలా ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళ సంగతి కింద వస్తుంది.

ఆవిడా? అంత కండలున్న మనిషికి ఆడ గొంతేంటి?

కథ మొదలైనప్పుడు గోకు కండల వీరుడు కాదు. అడవిలో ఒంటరిగా పెరిగిన, తోక ఉన్న పన్నెండేళ్ళ కుర్రాడు. జపాన్‌లో మగపిల్లల పాత్రలకు ఆడవాళ్ళ చేత చెప్పించడం పాత అలవాటు. కారణం చాలా మామూలుది. నిజం పిల్లాణ్ణి తెచ్చి మైకు ముందు నిలబెడితే రెండు మూడేళ్ళకి వాడి గొంతు మారిపోతుంది. సీరియల్ మాత్రం పదేళ్ళు నడుస్తుంది. నరుటోకి చెప్పే జున్కో తకెఊచి, వన్ పీస్‌లో లూఫీకి చెప్పే మయూమి తనాకా, షించాన్‌కి చాలా ఏళ్ళు చెప్పిన అకికో యజిమా, అందరూ ఆడవాళ్ళే. అమెరికాలో బార్ట్ సింప్సన్‌కి చెప్పే నాన్సీ కార్ట్‌రైట్ కూడా అంతే. మన సినిమాల్లో చిన్న పిల్లాడి పాత్రకి ఒక ఆడ డబ్బింగ్ ఆర్టిస్టు చెప్పడం వింతేం కాదు కదా.

అసలు ప్రశ్న వేరు. మొదటి సిరీస్ చివర్లో గోకు పొడుగ్గా, పెద్దవాడై యుద్ధకళల పోటీకి తిరిగొస్తాడు. అప్పుడైనా గొంతు మార్చి ఉండొచ్చు. మార్చలేదు.

నా మటుకు నాకు అదే ఆ పాత్రకి ప్రాణం. గోకు ఒళ్ళు పెరిగింది, లోపలి కుర్రాడు పెరగలేదు. పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, చచ్చి పైలోకానికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. అయినా ఎవరైనా బలమైనవాడు ఎదురొస్తే భయం బదులు ముచ్చటేస్తుంది, అది అయ్యాక ఆకలేస్తుంది. అలాంటివాడికి బొంగురు గొంతు పెడితే ఇంకో హీరో తయారవుతాడు. ఆ సన్నటి గొంతు ఆ పెద్ద ఒంట్లోంచి వస్తేనే ఎదుటివాడికీ మనకీ ఈ మనిషి ఏంటో అంతుపట్టదు.

"ముసలావిడ మాట్లాడినట్టుంది" అంటున్నాడు మా తమ్ముడు. వాడికేం చెప్పాలి?

జెడ్ నుంచి కాకుండా 1986 నాటి మొదటి సిరీస్ నుంచి చూడమనండి. అందులో కుర్ర గోకుకి ఆ గొంతు అతికినట్టు సరిపోతుంది. వాడితో పాటు మన చెవీ పెరుగుతుంది. జెడ్‌కి వచ్చేసరికి గొంతు సంగతే గుర్తుండదు. నాకు అలవాటు పడటానికి పది ఎపిసోడ్లు పట్టింది.

నొజావా గారు గోకు కంటే ముందు ఏం చేసేవారు?

ఆవిడ 1936 అక్టోబరు 25న టోక్యోలో పుట్టారు. చిన్నప్పటి నుంచే నటి. జపాన్‌లో టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో విదేశీ సినిమాలకు డబ్బింగ్ లైవ్‌లో చెప్పేవాళ్ళు. తప్పు పోతే దిద్దుకునే వీల్లేదు. ఆ ఒత్తిడిలో పిల్లల్ని నిలబెట్టలేక అబ్బాయి పాత్రలకు ఆడ నటుల్ని పిలిచేవాళ్ళు. ఆవిడ ఈ దారిలోకి వచ్చింది అలాగే.

గోకు దక్కేనాటికి ఆవిడకి 49 ఏళ్ళు. అప్పటికే జపాన్ పిల్లలకి బాగా తెలిసిన గొంతు. 1968లో గెగెగె నో కితారోలో కితారో, 1978లో గెలాక్సీ ఎక్స్‌ప్రెస్ 999లో తెత్సురో ఆవిడే. 1973లో వచ్చిన మొట్టమొదటి డోరేమాన్ సీరియల్‌లో కొంతకాలం డోరేమాన్‌కి కూడా ఆవిడే చెప్పారు. ఇప్పుడు మన పిల్లలు చూసే డోరేమాన్ అది కాదు, దానికంటే పాతది.

ఇంకో ముచ్చట. 2018లో కితారోని కొత్తగా తీసినప్పుడు ఆవిడ మళ్ళీ అందులో ఉన్నారు, ఈసారి కితారో వాళ్ళ నాన్నగా. యాభై ఏళ్ళకి కొడుకు పాత్ర నుంచి తండ్రి పాత్రకి ప్రమోషన్.

గోకు కోసం ఆడిషన్ జరిగిందని, వచ్చిన గొంతులన్నీ విని రచయిత అకిరా తొరియామా స్వయంగా తననే ఎంచుకున్నారని ఆవిడ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు.

గోకు కొడుకులకి కూడా ఆవిడేనటగా?

అవును. గోకు, పెద్ద కొడుకు గోహాన్, చిన్న కొడుకు గోటెన్, ముగ్గురూ ఆవిడే. గోకు తండ్రి బార్డాక్ కూడా ఆవిడే. సూపర్‌లో గోకు ఒంట్లో దూరిన గోకు బ్లాక్ కూడా. తాత, తండ్రి, మనవలు, పైగా విలన్.

ముగ్గురూ ఒకే సీన్‌లో ఉంటే విడివిడిగా చెప్పి తర్వాత కలుపుతారేమో అనుకుంటాం. అలా కాదట. స్క్రిప్టులో వరుసగా వస్తుంటే వరుసగానే చెప్పుకుపోతారు. తెర మీద ఎవరి మొహం కనిపిస్తే ఆ గొంతు దానంతటదే వస్తుందని ఆవిడ అంటారు. ఈ మాట నమ్మబుద్ధి కాకపోతే జెడ్‌లో సెల్ అనే విలన్‌తో ఆఖరి పోరాటం చూడండి. గోహాన్ ఒక చెయ్యి పనికిరాక, ఒంటిచేత్తో కమేహమేహ అనే శక్తి కిరణం వేస్తుంటాడు. అప్పటికే చనిపోయిన గోకు పైలోకం నుంచి వాడికి ధైర్యం చెబుతుంటాడు. కొడుకు గొంతులో వణుకు, తండ్రి గొంతులో నిబ్బరం. రెండూ ఒక్క మనిషివే అని తెలిశాక ఆ సీన్‌ని నేను కళ్ళు మూసుకుని ఇంకోసారి విన్నాను. అయినా ఇద్దరే వినిపించారు.

ఇంగ్లీషులో ఈ పని నలుగురైదుగురి మధ్య పంచారు. గోకుకి షెమ్మెల్, చిన్న గోహాన్‌కి స్టెఫనీ నడోల్నీ, పెద్దయ్యాక కైల్ హెబర్ట్, గోటెన్‌కి కారా ఎడ్వర్డ్స్, బార్డాక్‌కి సన్నీ స్ట్రెయిట్. ఈ స్ట్రెయిటే గోకు స్నేహితుడు క్రిలిన్‌కి కూడా.

గిన్నిస్ రికార్డు ఉందంటారు, నిజమేనా?

నిజమే, 2017లో ఇచ్చారు. కాకపోతే చాలామంది అనుకున్నట్టు అది టీవీ సీరియల్‌కి కాదు, వీడియో గేములకి. ఒకే పాత్రకి గేముల్లో అత్యధిక కాలం గొంతు ఇచ్చినందుకు, 23 ఏళ్ళ 218 రోజులు. టీవీ లెక్క తీస్తే అంతకంటే ఎక్కువే వస్తుంది.

గోకు జపనీస్‌లో ఏదో యాసలో మాట్లాడతాడంటారు. ఏమిటా యాస?

ఈ పేజీలో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది, కాస్త ఓపిక పట్టండి.

జపనీస్‌లో "నేను" అనడానికి చాలా మాటలున్నాయి. ఎవరు ఏది వాడతారన్నదాన్ని బట్టి వాళ్ళ వయసు, చదువు, ఊరు, పొగరు అన్నీ తెలిసిపోతాయి. గోకు వాడేది "ఓరా". మన చెవికి ఎవర్నో ఒరేయ్ అని పిలిచినట్టుంటుంది కానీ అక్కడ దానర్థం "నేను". పల్లెటూరి మాట. చదువుసంధ్యలు లేని, కొండల్లో పెరిగినవాడి మాట. "ఓస్! ఓరా గోకు!" అన్న అతని పలకరింపు జపాన్‌లో పిల్లాడి నుంచి తాత దాకా అందరికీ తెలుసు. మన మాటలో చెప్పాలంటే, లోకాన్ని కాపాడే మొనగాడు పక్కా పల్లె యాసలో "ఏందన్నా, నేను గోకుని" అంటూ దిగినట్టు.

ఇప్పుడు అసలు సంగతి. జెడ్‌లో విలన్ ఫ్రీజా క్రిలిన్‌ని చంపేస్తాడు. గోకు జుట్టు బంగారు రంగుకి మారుతుంది, సూపర్ సయన్ అవుతాడు (సయన్ అంటే గోకు పుట్టిన జాతి, ఇది దాని మహాబలమైన రూపం). ఆ క్షణం నుంచి అతని నోట "ఓరా" పోయి "ఓరే" వస్తుంది. అదీ "నేను" అనే మాటే, కానీ మగతనం, కరుకుదనం ఉన్న మాట. ఒక్క అక్షరం మారింది. నొజావా గారు ఆ మాటతో పాటు గొంతుని కూడా కిందికి దింపేస్తారు. పల్లెటూరి కుర్రాడు మాయమయ్యాడు, ఎదురుగా ఇంకెవరో నిలబడ్డారు. సబ్‌టైటిల్లో రెండు చోట్లా ఉండేది ఒకే మాట, "ఐ". తెలుగులోకి తెచ్చినా "నేను" అనే అంటాం. చెవితో వింటేనే దొరికే సంగతి ఇది.

ఇంగ్లీషు డబ్బింగ్‌లో గోకుకి యాస పెట్టలేదు. మామూలు అమెరికన్ ఇంగ్లీషే. అందుకే ఇంగ్లీషు గోకు కాస్త మంచి బాలుడిలా, చదువుకున్నవాడిలా అనిపిస్తాడు.

ఇంగ్లీషులో అసలు ఎంతమంది చేశారు?

కథ కెనడాలో మొదలవుతుంది. 1995లో అమెరికా టీవీ కోసం మొదటి డ్రాగన్ బాల్‌లో 13 ఎపిసోడ్లు మాత్రం వాంకూవర్‌లో డబ్బింగ్ చేయించారు. అందులో చిన్న గోకుకి శాఫ్రన్ హెండర్సన్. 1996లో జెడ్ మొదలుపెట్టారు. అదీ వాంకూవర్‌లోనే, ఓషన్ స్టూడియోస్‌లో. అభిమానులు "ఓషన్ డబ్" అనేది దీన్నే. పెద్ద గోకుకి ముందు ఇయాన్ జేమ్స్ కోర్లెట్, ఆయన వెళ్ళిపోయాక పీటర్ కెలామిస్. ఈ కెలామిస్ గొంతు మీకు తెలిసే ఉంటుంది. కార్టూన్ నెట్‌వర్క్‌లో ఎడ్, ఎడ్ ఎన్ ఎడ్డీ ఇంగ్లీషులో చూసినవాళ్ళకి రోల్ఫ్ గుర్తున్నాడా? ఆ రోల్ఫే ఈ గోకు.

ఆ డబ్బింగ్‌లో కత్తెర బాగా పడింది. 67 ఎపిసోడ్లని కోసి 53 చేశారు. చచ్చిపోయాడు అనకూడదు, "వేరే లోకానికి పంపారు" అనాలి. నరకంలో కాపలా రాక్షసుల బనీన్ల మీద ఇంగ్లీషులో "హెల్" అని రాసి ఉంటే, అక్షరాలు దిద్ది "హెచ్ ఎఫ్ ఐ ఎల్" చేశారు. నరకాన్ని అక్షరం మార్చి తప్పించుకోవచ్చని అప్పుడే తెలిసింది నాకు.

1998లో ఆ పని ఆగిపోయింది. అదే ఏడాది కార్టూన్ నెట్‌వర్క్‌లో టూనామీ పేరుతో పాత ఎపిసోడ్లు మళ్ళీ వేస్తే పిల్లలు ఎగబడ్డారు. దాంతో హక్కులున్న ఫ్యూనిమేషన్ సంస్థ మిగతావి చేద్దామనుకుంది. ఖర్చు తగ్గించుకోవడానికి వాంకూవర్‌ని వదిలి, తన సొంత రాష్ట్రం టెక్సస్‌లోనే కొత్తవాళ్ళని తీసుకుంది. అలా 1999లో షెమ్మెల్ వచ్చారు. అప్పటికే జనం చెవిలో వేరే గొంతులున్నాయి కాబట్టి వాటికి దగ్గరగా చెప్పమన్నారు. మొదట్లో షెమ్మెల్ గోకు కాస్త బిగుసుకుపోయినట్టు ఉండటానికి ఇదీ ఒక కారణం. తర్వాత 2005లో ఆ మొదటి 67 ఎపిసోడ్లని కత్తెర లేకుండా టెక్సస్ జట్టు మళ్ళీ చెప్పింది.

ఇక్కడితో అయిపోలేదు. కెనడా, యూరప్ టీవీల కోసం జెడ్ తర్వాతి భాగాలకు అటు కెనడాలో ఇంకో ఇంగ్లీషు డబ్బింగ్ సమాంతరంగా నడిచింది. అందులో కెలామిస్ తర్వాత కర్బీ మోరో. ఇనుయాషా అనే అనిమేలో మిరోకు పాత్రకీ ఆయనే. 2020 నవంబరులో చనిపోయారు.

అన్నట్టు, ఆ ఫ్యూనిమేషన్ ఇప్పుడు క్రంచీరోల్‌లో కలిసిపోయింది. దాని స్టూడియో ఏళ్ళ తరబడి ఉన్న ఫ్లవర్ మౌండ్ డాలస్ శివారు. మనవాళ్ళు బోలెడంతమంది కాపురముండే ఫ్రిస్కో, ఇర్వింగ్‌ల నుంచి కారులో కాసేపటి దూరం. గోకు ఇంగ్లీషు కేకలు పుట్టింది మన బాబాయిల ఇళ్ళ పక్కనే అన్నమాట.

షాన్ షెమ్మెల్ ముందు నుంచీ నటుడేనా?

కాదు, సంగీతం మనిషి. ఫ్రెంచ్ హార్న్ వాయించేవారు. 1968లో అయోవా రాష్ట్రంలో పుట్టారు. ఊపిరి పట్టు ఆ వాయిద్యం నుంచే వచ్చిందేమో అని నా ఊహ.

టెక్సస్ డబ్బింగ్‌లో కింగ్ కాయ్ కూడా ఆయనే. అంటే గోకు పైలోకంలో గురువుగారితో మాట్లాడే సీన్లలో ఆయన తనతో తనే వాదించుకుంటుంటారు. తెలిశాక ఆ సీన్లు నవ్వకుండా చూడటం కష్టం.

మరి చిన్న గోకుకి ఇంగ్లీషులో ఎవరు?

హెండర్సన్ పేరు పైన చెప్పాను. 2001 నుంచి టెక్సస్‌లో పూర్తి సిరీస్ చేసినప్పుడు స్టెఫనీ నడోల్నీ. కాయ్‌లో కాలీన్ క్లింకెన్‌బియర్డ్. ఇంగ్లీషులో లూఫీకి చెప్పేది కూడా ఈవిడే. దైమాలో శత్రువులు కోరికలు తీర్చే డ్రాగన్ బాల్స్‌ని అడిగిన కోరిక వల్ల గోకు మళ్ళీ పిల్లాడైపోతాడు. ఆ చిన్న గోకు కోసం ఇంగ్లీషులో నడోల్నీని మళ్ళీ పిలిచారు, పెద్ద గోకుకి షెమ్మెల్ ఉన్నారు.

సూపర్ సయన్ సీన్‌లో గోకు రెండు భాషల్లో ఒకే మాట అంటాడా?

అనడు. తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది ఇక్కడే. జపనీస్‌లో ఫ్రీజా "నువ్వెవరు" అనగానే గోకు చెప్పేది సూటిగా ఉంటుంది. భూమి నుంచి నిన్ను ఓడించడానికి వచ్చిన సయన్‌ని, నెమ్మది మనసు ఉండి కూడా కోపంతో మేల్కొన్న పాతకథల వీరుణ్ణి, అని. కోపం తన స్నేహితుడి కోసం. అంతే.

1999 ఇంగ్లీషులో అదే చోట గోకు తనని విశ్వానికి ఆశాకిరణమని, అమాయకుల రక్షకుడని, చీకట్లో వెలుగని చెప్పుకుంటాడు. నోటి కదలికలు అవే, మనిషి వేరు. ఒకడు పగతో రగిలిపోతున్న పల్లెటూరివాడు, రెండోవాడు అమెరికన్ కామిక్స్‌లో కేప్ కట్టుకున్న హీరో. దాంతోపాటు నేపథ్య సంగీతం కూడా మార్చేశారు. జపాన్‌లో షున్సుకే కికుచి బాణీలు, అమెరికాలో బ్రూస్ ఫాల్కనర్ సింథసైజర్, గిటార్ మోత.

ఆ ఇంగ్లీషు డైలాగ్‌ని వెక్కిరించేవాళ్ళున్నారు. నేను వెక్కిరించను. స్కూల్ నుంచి వచ్చి, బ్యాగ్ సోఫాలో పడేసి, అన్నం ప్లేటు ఒళ్ళో పెట్టుకుని చూసినవాడికి ఆ మాటలకి రోమాలు నిక్కబొడుచుకోకుండా ఉండవు. అది మూలంలో లేదు, అంతే. తర్వాత జెడ్‌నే కుదించి కాయ్‌గా చేసినప్పుడు ఇంగ్లీషు మాటల్ని మూలానికి దగ్గరగా తిరగరాశారు, షెమ్మెల్ కూడా తగ్గి చెప్పారు. నటనగా చూస్తే కాయ్‌లోదే మెరుగు.

రికార్డింగ్ ఎలా జరుగుతుంది? మన సినిమా డబ్బింగ్ లాగేనా?

ఇంగ్లీషుది మన పద్ధతికి దగ్గర. ఒక్కరే బూత్‌లో ఉంటారు. ఎదుట తెర మీద ముక్క కనబడుతుంది. హెడ్‌ఫోన్‌లో మూడు బీప్‌లు వస్తాయి, నాలుగో బీప్ రావలసిన చోట నోరు తెరవాలి. ఎదుటి పాత్ర చెప్పేవాళ్ళు అక్కడ ఉండరు, నెల తర్వాత వచ్చి చెప్పినా చెప్పొచ్చు. బొమ్మ నోరు జపనీస్ మాటలకి గీసింది, దానికి సరిపోయేలా ఇంగ్లీషు మాట సాగదీయడమో కుదించడమో చెయ్యాలి. తమిళ సినిమాకి తెలుగు మాటలు రాసేవాళ్ళు పడే పాట్లే ఇవీ.

జపాన్‌ది వేరే లోకం. దాన్ని "అఫురెకో" అంటారు, ఆఫ్టర్ రికార్డింగ్ అన్న మాటని వాళ్ళ పద్ధతిలో కత్తిరించుకున్నారు. పెద్ద గది, వరసగా మూడు నాలుగు మైకులు, వెనక గోడవారగా కుర్చీల్లో అందరూ స్క్రిప్టు పట్టుకుని కూర్చుంటారు. తమ వంతు రాగానే లేచి ఖాళీగా ఉన్న మైకు దగ్గరికి వెళ్ళాలి, అడుగు చప్పుడు కాకూడదు, కాగితం గలగల రాకూడదు, పక్కవాడికి భుజం తగలకూడదు. తెర మీద బొమ్మ పూర్తయి ఉండదు చాలాసార్లు. పెన్సిలు గీతలే కదులుతుంటాయి. పేరుకి "ఆఫ్టర్" గానీ బొమ్మకి రంగు పడేలోపే గొంతు పడిపోతుంది. నాటకం రిహార్సల్ చూసినవాళ్ళకి ఈ పద్ధతి బాగా అర్థమవుతుంది. గోకు ప్రత్యర్థి వెజీటాకి చెప్పే ర్యో హొరికావా పక్కనే నిలబడి కసిరితే నొజావా గోకు జవాబిచ్చే తీరు వేరు, బీప్ విని చెప్పే తీరు వేరు. కరోనా రోజుల్లో అక్కడా కొద్దికొద్దిమందిని పిలిచి చేయాల్సి వచ్చింది.

ఆ అరుపులు నిజంగా అరిచేవేనా? కంప్యూటర్ మాయ కాదా?

నిజంగానే అరుస్తారు. జీటీలో సూపర్ సయన్ 4గా మారే సీన్‌కి అరుస్తూ కళ్ళు తిరిగి పడిపోయానని షెమ్మెల్ స్వయంగా చెప్పుకున్నారు.

కమేహమేహ విషయంలో ఒక చిన్న గమనిక. ఆ పేరు హవాయి రాజు పేరు లాంటిది. తొరియామాకి ఆ మాట అందించింది ఆయన భార్య. చివర "హా" అనే తెరుచుకున్న అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ఊపిరి ఉన్నంతసేపు సాగదీయొచ్చు. అదే హల్లుతో ముగిసే మాట పెట్టి ఉంటే ఇన్ని తరాల పిల్లలు డాబాల మీద నిలబడి అరిచేవాళ్ళు కాదు. ఇంట్లో ప్రయత్నించి చూడండి, పక్కింటివాళ్ళు లేనప్పుడు.

గోకు, వెజీటా కలిసిపోయి ఒక్కడయ్యాక గొంతు ఎవరిది?

ఇద్దరిదీ. వెజిటో అయినా గోజీటా అయినా జపనీస్‌లో నొజావా, హొరికావా చెప్పినవి కలిపి ఒకేసారి వినిపిస్తారు. ఇంగ్లీషులో షెమ్మెల్, క్రిస్టఫర్ సబాట్. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే రెండు గొంతులూ విడివిడిగా తెలుస్తాయి.

నేను సూపర్‌ని టీవీలో ఇంగ్లీషులో చూశాను. షెమ్మెల్ గొంతు కాదే?

ఆసియా దేశాల్లో టూనామీ చానల్ కోసం సూపర్‌కి ఇంకో ఇంగ్లీషు డబ్బింగ్ లాస్ ఏంజెలెస్‌లో చేశారు. అందులో గోకు లెక్స్ లాంగ్. మీరు విన్నది బహుశా అదే అయ్యుంటుంది.

గోకుని వెజీటా "కాకరాట్" అంటాడెందుకు?

గొంతుకి సంబంధం లేని ప్రశ్నే అయినా అందరూ అడుగుతారు. అది గోకుకి పుట్టినప్పుడు పెట్టిన సయన్ పేరు, క్యారెట్ నుంచి వచ్చింది. సయన్ల పేర్లన్నీ కూరగాయలే. వెజీటా అంటే వెజిటబుల్, రాడిట్జ్ అంటే ర్యాడిష్, మన ముల్లంగి. మా ఇంట్లో మాత్రం వాడి పేరు ఇప్పటికీ కాకరకాయే. నొజావా, షెమ్మెల్ ఇద్దరూ ఎంత గంభీరంగా చెప్పినా మా అమ్మ ముందు ఆ సీన్ నిలబడలేదు.

ఫ్రీజాకి, బుల్మాకి గొంతులు మధ్యలో మారాయా?

ఫ్రీజాకి జపనీస్‌లో మొదటి నుంచీ ర్యూసెయి నకావొ. టెక్సస్ ఇంగ్లీషు డబ్బింగ్‌లో ముందు లిండా యంగ్, కాయ్ నుంచి క్రిస్ ఏర్స్. ఆయన 2021 అక్టోబరులో చనిపోయారు. గోకు మొదటి స్నేహితురాలు బుల్మాకి జపనీస్‌లో 31 ఏళ్ళు చెప్పిన హిరోమి త్సురు 2017 నవంబరులో చనిపోయారు. తర్వాత ఆ పాత్ర అయా హిసకావా తీసుకున్నారు.

ఇంకో వింత. 2009లో హాలీవుడ్ తీసిన, అభిమానులు తలుచుకోవడానికి ఇష్టపడని సినిమాలో పికోలోగా నటించిన జేమ్స్ మార్స్టర్స్ తర్వాత సూపర్ ఇంగ్లీషు డబ్బింగ్‌లో విలన్ జమాసుకి గొంతు ఇచ్చారు. చాలా బాగా చెప్పారు కూడా.

తెలుగులో గోకు ఉన్నాడా?

సూపర్ కార్టూన్ నెట్‌వర్క్‌లో తెలుగు ఆడియోతోనూ వచ్చింది. మొత్తం అనిమే సంగతే తీసుకుంటే ఈ మధ్య గాలి మారింది. సోలో లెవెలింగ్ లాంటివి తెలుగులో చూస్తున్నాం. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా ఇన్ఫినిటీ కాసిల్ మన థియేటర్లలో తెలుగు మాటలతో ఆడింది.

నిజానికి గొంతు వేరు మనిషి వేరు అన్న సంగతి మనకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. రాజశేఖర్ అనగానే చెవిలో మోగేది సాయికుమార్ గొంతు. తెలుగులో కమల్ హాసన్ మాట్లాడితే బాలు, రజనీకాంత్ మాట్లాడితే మనో. సమంత తొలి సినిమాల్లో ఆమె గొంతు చిన్మయిది. డబ్బింగ్ ఆర్టిస్టులకి నంది అవార్డు ఇచ్చిన రాష్ట్రం మనది. నొజావా గొంతు విని ముక్కు విరిచే మనవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం అందుకే. కార్టూన్లకి చెప్పే తెలుగువాళ్ళ పేర్లు మాత్రం తెర మీదకి రావడం అరుదు. జపాన్‌లో సెయ్యూ, అంటే గొంతు నటన, సొంతంగా అభిమానులున్న వృత్తి, స్టేజీ మీద కచేరీలు చేసేవాళ్ళూ ఉన్నారు. మన దగ్గర పిల్లాడు రోజూ వినే గొంతుకి పేరే ఉండదు. లయన్ కింగ్ సినిమాలో సింబాకి నాని చెప్పినప్పుడు పోస్టర్ నిండా ఆ పేరే. అది స్టార్ పేరు కాబట్టి.

చివరికి ఏ భాషలో చూడమంటారు?

మొదటిసారైతే 1986 సిరీస్ జపనీస్‌లో. జెడ్ చిన్నప్పుడు ఇంగ్లీషులో చూసినవాళ్ళయితే ఆ మొదటి ముద్ర ఎటూ చెరిగిపోదు, చెరుపుకోవాల్సిన పనీ లేదు. ఫ్రీజా పోరాటం మాత్రం రెండుసార్లు చూడండి, ఒకసారి ఇలా, ఒకసారి అలా. చిన్న పిల్లలకి సబ్‌టైటిల్ పెట్టి హింసించకండి, తెలుగు ఉంటే తెలుగే.

నొజావా గారు ఇంకా చెబుతున్నారా?

తొరియామా 2024 మార్చి 1న కన్నుమూశారు. ఆయన కథ రాసి, పాత్రల బొమ్మలు కూడా గీసిచ్చిన దైమా అదే ఏడాది అక్టోబరు 11న మొదలైంది. అందులో గోకు చిన్న పిల్లాడైపోవాలి. ఇంగ్లీషువాళ్ళు ఇద్దర్ని పెట్టుకున్నారు. జపాన్‌లో ఆ అవసరం రాలేదు. మొదటి ఎపిసోడ్ వచ్చిన రెండు వారాలకి నొజావా గారికి 88 నిండాయి. తెర మీద పొట్టివాడైన గోకు తన చేతులు తనే చూసుకుని బిత్తరపోయి, కాసేపటికే ఎగిరి గంతేసి పోట్లాటకి సిద్ధమవుతాడు. గొంతు 1986లో విన్నదే.